బైరన్ వియోగ కవితను దగ్గరగా చదవడం ఎలా

సుమారు రెండువందల ఏళ్ల క్రితం అనుభూతికి పెద్దపీట వేసి రాసిన ఆంగ్ల 'రొమాంటిక్' కవుల్లో ప్రేమభంగాన్ని గురించి రాయనివారు అరుదు. అయినా చెప్పుకోవడానికి వీల్లేని ప్రేమభంగాన్ని కవితగా మలచినవారిలో లార్డ్ బైరన్ పేరే నాకు ముందు గుర్తుకు వస్తుంది. ఆయన రాసిన 'వెన్ వీ టూ పార్టెడ్' ('మనమిద్దరం విడిపోయిన వేళ') నాలుగు చరణాల, ముప్ఫైరెండు పాదాల చిన్న కవిత. 1816లో జాన్ మర్రే ప్రచురించిన ఆయన కవితా సంపుటిలో అచ్చయింది. మన కళాశాలల్లో ఆంగ్ల సాహిత్యం చదివేవారికి ఇది ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారి పిల్లలు కూడా పదహారో ఏట రాసే పరీక్ష కోసం దీనిని చదువుతుంటారు. చాలామంది దీనిని 'కవి విడిపోయాడు, బాధపడుతున్నాడు' అన్న రెండు మాటలతో ముగించి, ఉపమాలంకారాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి పక్కన పెట్టేస్తారు. బాధ ఉందని ఎవరైనా చెప్పగలరు. అది ఏ పనిముట్లతో తయారైంది, మనదాకా ఎలా చేరింది అన్నదే చదువరి కనిపెట్టవలసిన సంగతి. ఆ పని ఏ వరుసలో చేస్తే కవిత తెరుచుకుంటుందో ఇక్కడ వివరిస్తాను. మూలపాఠాన్ని పక్కన పెట్టుకుని, పెన్సిలు చేతిలో ఉంచుకుని చదవండి.

ముందుగా పైకి చదవండి

అర్థం కోసం వెతకకుండా కవితను మొదటి నుండి చివరిదాకా గొంతెత్తి చదవండి. ఆ తరువాత మరొకసారి నెమ్మదిగా చదువుతూ, గొంతు బలంగా పడిన ప్రతిచోటా చిన్న గీత పెట్టండి. ఎక్కువ పాదాల్లో రెండే ఊనికలు దొరుకుతాయి. ఆ కాలపు ఆంగ్ల కవిత్వంలో నాలుగైదు ఊనికలున్న పొడవైన పాదాలు మామూలు కనుక, ఈ కురచదనం కావాలని చేసుకున్నదేనని గ్రహించండి. దుఃఖంలో ఉన్న మనిషి ధారాళంగా మాట్లాడలేడు. రెండు మాటలు అంటాడు, ఆగుతాడు, మళ్లీ రెండు మాటలు అంటాడు. ఈ కవితలో పాదం కొలతే ఆ ఆగడాన్ని మీ చేత చేయిస్తుంది.

ఇప్పుడు పాదాల చివరలు చూడండి. 'పార్టెడ్', 'హార్టెడ్', 'మార్నింగ్', 'వార్నింగ్', 'బ్రోకెన్', 'స్పోకెన్' అన్న ప్రాసలన్నింటిలోనూ బలం ముందు పడి, చివరి భాగం గొంతులో జారిపోతుంది. రెండు, మూడు చరణాల్లో బేసి పాదాలన్నీ ఇలాగే జారుతూ ముగుస్తాయి. నాలుగో చరణానికి వచ్చేసరికి 'మెట్', 'ఫర్గెట్' అన్న ప్రాస గట్టిగా, తలుపు మూసినట్లుగా ముగుస్తుంది. రహస్యంగా కలిసిన సంగతి, ఆమె మరిచిపోయిన సంగతి ఆ గట్టి ముగింపుల్లోనే ఉన్నాయి. మొదటి చరణంలో కూడా ఇలాంటి చోటు ఉంది. 'పేల్ గ్రూ దై చీక్ అండ్ కోల్డ్' అన్న అయిదో పాదం తక్కినవాటికంటే సాగుతుంది, దాని వెంటనే 'కోల్డర్ దై కిస్' అన్న అతి పొట్టి పాదం వస్తుంది. సాగిన చోట జ్ఞాపకం ఆమె ముఖం మీద నిలిచింది, తెగిన చోట ముద్దు తెగింది. ఈ రెండు పాదాలను నాలుగైదుసార్లు వెంటవెంటనే చదివితే, ఛందస్సు గురించి ఎవరూ చెప్పకుండానే అది చేస్తున్న పని చెవికి తెలుస్తుంది.

మీ మాటల్లో వచనంగా రాసుకోండి

అనువాదం అందంగా ఉండనవసరం లేదు, ఏ పాదమూ జారిపోకుండా ఉంటే చాలు. నేను రాసుకున్నది ఇలా ఉంది.

మనమిద్దరం మౌనంగా, కన్నీళ్లతో, సగం పగిలిన గుండెలతో, ఏళ్ల తరబడి దూరం కావడానికి విడిపోయిన వేళ నీ చెక్కిలి పాలిపోయి చల్లబడింది, నీ ముద్దు అంతకంటే చల్లగా ఉంది. నేటి ఈ దుఃఖాన్ని ఆ గడియే నిజంగా ముందుగా చెప్పింది.

ఉదయపు మంచు నా నుదుటి మీద చల్లగా దిగింది. ఇప్పుడు నేను అనుభవిస్తున్నదానికి అది హెచ్చరికలా తోచింది. నీ బాసలన్నీ భంగమయ్యాయి, నీ పేరు పలుచనైంది. ఎవరో నీ పేరెత్తగా వింటాను, ఆ పేరుకు పట్టిన సిగ్గులో నేనూ పాలు పంచుకుంటాను.

నా ఎదుటే నీ పేరు పలుకుతారు, అది నా చెవికి చావుగంట. ఒళ్లు జలదరిస్తుంది. నువ్వెందుకు అంత ప్రియమైనదానివయ్యావు? నేను నిన్ను ఎరుగుదునని వాళ్లకు తెలియదు, మరీ బాగా ఎరిగినవాడినని తెలియదు. చాలాకాలం, చాలాకాలం నిన్ను తలచుకుని వగస్తాను, చెప్పలేనంత లోతుగా.

రహస్యంగా కలిశాం. నీ హృదయం మరిచిపోగలిగిందని, నీ మనసు వంచించగలిగిందని మౌనంగా దుఃఖిస్తున్నాను. ఎన్నో ఏళ్ల తరువాత నువ్వు ఎదురుపడితే నిన్ను ఎలా పలకరించాలి? మౌనంతో, కన్నీళ్లతో.

మీ వచనం పూర్తయ్యాక దానిని మూలంతో పోల్చి, ఎక్కడ ఒక మాటకు రెండర్థాలు తోచాయో అక్కడ గుర్తు పెట్టుకోండి. 'సగం పగిలిన గుండెలు' అలాంటి చోటే. ఇద్దరి మధ్య ప్రేమ అప్పటికే కొంత చల్లారింది కనుక గుండె సగమే పగిలిందా, లేక ఒకే దుఃఖాన్ని ఇద్దరూ చెరిసగం పంచుకున్నారా? తొందరపడి తేల్చవద్దు. తరువాతి చరణాలు చదివేకొద్దీ, ఆనాడు పంచుకున్న సగం కూడా ఇప్పుడు ఒక్కడి మీదే పడిందన్న భావం బలపడుతుంది. తేల్చకుండా ఉంచుకున్న ప్రశ్నలే ఈ కవితలో ముందుకు పనికివస్తాయి.

ఏ చరణంలో ఎవరున్నారో గుర్తించండి

నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ ఫలితమిచ్చే మెట్టు ఇదే, కాబట్టి దీనికి సమయం కేటాయించండి. కాగితం మీద నాలుగు గళ్లు గీసి, ఒక్కో చరణంలో కనిపించే సర్వనామాలను ఒక్కో గడిలో రాయండి.

మొదటి గడిలో మనమిద్దరం ఉన్నాం. కవిత మొదలయ్యేదే ఆ మాటతో. అందులో 'నేను' అన్నది ఒక్కసారి కూడా రాదు, ఉన్నది 'మనం', 'నీ'. రెండో గడిలో ఆ జంట విడిపోయింది. నా నుదురు, నాకు తోచింది, నేను వింటాను అంటూ 'నేను' ఒకవైపు, నీ బాసలు, నీ పేరు అంటూ 'నీవు' మరొకవైపు. మూడో గడిలో ఇంతదాకా లేని మూడో పక్షం వచ్చి కూర్చుంటుంది: 'వాళ్లు'. ఎవరు వాళ్లు? విందుల్లో, ముచ్చట్లలో, పత్రికల్లో ఆమె పేరును నోళ్లలో నానబెడుతున్న లోకులు. ఆమె గురించి వాళ్లు ఎంతైనా మాట్లాడగలరు, ఎందుకంటే వాళ్లకు ఆమెతో ఏ సంబంధమూ లేదు. అతడు ఒక్క మాట కూడా అనలేడు, ఎందుకంటే అతడికి ఉంది. ఇద్దరి మధ్య ఉన్నది దాచుకున్న ప్రేమ కనుక ఆమె పేరు వినబడినప్పుడు అతడు మామూలు పరిచయస్తుడిలా ముఖం పెట్టుకుని నిలబడవలసిందే. లోపల చావుగంట మోగుతున్నా పైకి ఏమీ కాని మనిషిలా ఉండవలసిందే.

ఈ కవితలోని గుండెకోత మూలం ఇక్కడ ఉంది. ప్రియురాలు పోయినందుకు ఏడ్చేవాడిని లోకం ఓదారుస్తుంది. భార్య చనిపోయినవాడిని చూడటానికి నలుగురూ వస్తారు. ఎవరికీ తెలియని ప్రేమ పోయినప్పుడు మాత్రం ఓదార్చడానికి ఎవరూ రారు, ఎందుకంటే పోయిందేదో ఎవరికీ తెలియదు. దుఃఖించే హక్కు కూడా లేకపోవడమే ఇక్కడి దుఃఖం.

నాలుగో గడిలో 'మనం' ఒకే ఒక్కసారి తిరిగి వస్తుంది. 'రహస్యంగా కలిశాం' అన్న చోట వచ్చి, తరువాతి పాదంలోనే 'మౌనంగా దుఃఖిస్తున్నాను' అన్న 'నేను' దాని చోటును ఆక్రమించుకుంటుంది. ఒకే అచ్చులో పోసిన ఆ రెండు పాదాలను ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. కలవడం ఇద్దరిది, దుఃఖించడం ఒక్కడిది. ఇంకో సంగతి కూడా గమనించండి. మూడో చరణం రెండో సగంలోనూ నాలుగో చరణం రెండో సగంలోనూ బేసి పాదాలు 'దీ' అన్న మాటతో, అంటే 'నిన్ను' అన్న మాటతో ముగుస్తాయి. మనిషి వెళ్లిపోయినా పాదాల చివర్లలో ఆమె మిగిలే ఉంది.

చలి ఎక్కడి నుండి ఎక్కడికి పాకిందో చూడండి

ఇప్పుడు శరీరానికి సంబంధించిన మాటల కింద గీత గీయండి. చెక్కిలి, ముద్దు, నుదురు, చెవి, జలదరింపు. కళ్లు, జుట్టు, నడక, నవ్వు వంటి అందాల వర్ణన ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో ఎక్కువ చలికో వణుకుకో సంబంధించినవే.

వాటిని వరుసలో చదివితే ఒక ప్రయాణం కనిపిస్తుంది. చలి మొదట ఆమె చెక్కిలిలో ఉంది. అక్కడి నుండి ముద్దులోకి వచ్చింది. ముద్దు ఇద్దరికీ చెందినది కనుక చలికి అది వంతెన అయింది. తరువాత తెల్లవారుజామున ఒంటరిగా నిలబడ్డ అతడి నుదుటి మీదికి మంచుగా దిగింది. చివరికి ఏళ్లు గడిచాక, ఎవరో పేరెత్తిన ఏదో ఒక గదిలో, వణుకుగా అతడి ఒళ్లంతా పాకింది. ఆమెలో మొదలైన చలి ఆమె లేని చోట అతడిలో స్థిరపడింది. పాలిపోయిన చెక్కిలి, చల్లని ముద్దు, చావుగంట అన్నీ మరణానికి దగ్గరి వస్తువులు. ఆమె బతికే ఉంది, కవి మాత్రం ఆమెను పోగొట్టుకున్న తీరును చావు భాషలో చెబుతున్నాడు. చనిపోయిన మనిషికి మోగించే గంటను బతికున్న మనిషి పేరులో వినడం ఎంత భయంకరమో ఒక క్షణం ఊహించి, అప్పుడు మూడో చరణాన్ని మళ్లీ చదవండి.

కాలాలను విడదీయండి

తరువాతి పని, క్రియలను పట్టుకుని కాలాలను వేరు చేయడం. మొదటి చరణం విడిపోయిన నాటిది. రెండో చరణం సగం ఆనాటిది, సగం ఈనాటిది. మూడోది ఈనాడు మొదలై, వగస్తూనే ఉంటానన్న రేపటితో ముగుస్తుంది. నాలుగోది గతం, వర్తమానం, ఎప్పుడో రాబోయే ఒక ఊహాక్షణం ఈ మూడింటినీ ఎనిమిది పొట్టి పాదాల్లో చుట్టేస్తుంది. అంటే ఈ దుఃఖానికి ముగింపు తేదీ లేదు. వెనకటి రోజునూ ముందటి రోజునూ అది ఒకే రంగులో ముంచేసింది.

వెనకటి రోజు సంగతి ఇంకాస్త నిదానించి చూడవలసినది. 'ఆ గడియే ముందుగా చెప్పింది', 'మంచు హెచ్చరికలా తోచింది' అన్న మాటల్లో కవి శకునాలు చెబుతున్నాడు. నిజంగా ఆనాడు అవి శకునాలుగా తోచాయా, లేక దెబ్బ తగిలిన తరువాత వెనక్కి తిరిగి చూస్తూ ఇప్పుడు వాటిని శకునాలుగా చదువుకుంటున్నాడా? మనసు విరిగిన ప్రతి మనిషీ చేసేది ఈ రెండోదే. అంతకుముందు ఏ అర్థమూ లేని చిన్న సంగతి, ఒక చల్లని చేతిస్పర్శో ముక్తసరి జవాబో, తరువాత సాక్ష్యంగా మారుతుంది. తెల్లవారి మంచు కురిస్తే నుదురు చల్లబడక తప్పదు. అందులో ఆమె వంచన కనిపించడం మనసు చేసిన పని. బైరన్ దీనిని వివరించడు. చేసి చూపిస్తాడు. ఈ కవితలో నన్ను ఎక్కువగా కదిలించే అంశం ఇదేనని చెప్పాలి, ఎందుకంటే ప్రేమ పోయినప్పుడు రాబోయే రోజులతో పాటు గడిచిన రోజులు కూడా చెడిపోతాయన్న నిజాన్ని ఇంత తక్కువ మాటల్లో పట్టడం సామాన్యం కాదు.

లేనివాటిని లెక్కించండి

కవితలో ఏమేమి చెప్పలేదో ఒక జాబితా రాయండి. ఆమె పేరు లేదు. ఊరు లేదు. ఎందుకు విడిపోయారో లేదు. ఆమె చేసిన బాసలు ఏమిటో, వాటిని ఎలా తప్పిందో లేదు. ఆమె మాట్లాడిన ఒక్క వాక్యమూ లేదు. తెలుగులో ప్రబంధాలూ శృంగార పదాలూ చదివినవారికి మరొక లోటు కూడా తట్టాలి: సఖి లేదు. మన విప్రలంభ శృంగారంలో, అంటే ఎడబాటులోని శృంగారంలో, పూర్వరాగమైనా (కలయికకు ముందటి వలపు), మానమైనా (అలక), ప్రవాసమైనా (దూరదేశ వాసం) నాయికా నాయకుల మధ్య కబురు మోసేవారు ఎవరో ఒకరు ఉంటారు. చెలికత్తె ఉంటుంది, లేకపోతే హంసో మేఘమో చిలుకో ఉంటుంది. కబురు పంపడమంటే తిరిగి కలుస్తామన్న ఆశ మిగిలి ఉండటమే. ఈ కవితలో కబురూ లేదు, మోసేవారూ లేరు. ఆమె గురించిన వార్త అతడికి చేరుతుంది గాని, అది ఆమె పంపినది కాదు, పరాయివాళ్ల నోళ్లలో నలిగి వచ్చినది. మనకు అలవాటైన విరహంతో దీనిని కలిపి చదవవద్దని చెప్పడానికే ఇది ప్రస్తావించాను. కృష్ణశాస్త్రి మొదలైన మన భావకవులు ఆంగ్ల రొమాంటిక్ కవులను చదివి, తిరిగి కలయిక లేని వియోగాన్ని తెలుగులోకి తెచ్చుకున్న తరువాతే మనకు ఈ స్వరం దగ్గరైంది.

జాబితా పూర్తయ్యాక, ఆ లోట్లన్నీ మూడో చరణం చివరి పాదంతో ఎలా అతుకుతాయో చూడండి. చెప్పలేనంత లోతుగా వగస్తానంటున్నాడు. పేరు చెప్పలేడు, కారణం చెప్పలేడు, చెబితే ఆమె పరువు ఇంకా పోతుంది, తన రహస్యమూ పోతుంది. కవిత తన మౌనాన్ని మాటలతో వర్ణించి ఊరుకోలేదు. దాచవలసినదంతా నిజంగానే దాచిపెట్టింది.

మొదటి పాదాలనూ చివరి పాదాలనూ పక్కపక్కన పెట్టండి

రెండో పాదంలోని 'మౌనం, కన్నీళ్లు' ముప్ఫైరెండో పాదంలో తిరిగి వచ్చాయని ఎవరికైనా కనిపిస్తుంది. వాటి బరువు ఎలా మారిందో చెప్పడం మీ పని. మొదటిచోట మౌనం ఇద్దరిదీ. మాటలు అవసరం లేనంత దగ్గరితనం అందులో ఉంది. చివరిచోట అది పలకరింపుకు బదులుగా వచ్చింది. కలుసుకున్నా ఒకరితో ఒకరు ఏమీ అనుకోలేని పరాయితనం అందులో ఉంది. పైగా ఆ చివరి కలయిక జరగనే లేదు. జరిగితే ఎలా ఉంటుందన్న ఊహ మాత్రమే.

కవితలో రెండే ప్రశ్నలున్నాయి. నువ్వెందుకు అంత ప్రియమైనదానివయ్యావు అన్నది మొదటిది. దానికి జవాబు రాదు. ఎదురుపడితే ఎలా పలకరించాలి అన్నది రెండోది. దానికి మూలంలో నాలుగు మాటల జవాబు వెంటనే వస్తుంది. ఎందుకు ప్రేమించాడో అతడికి తెలియదు, ఆ ప్రేమతో ఇకమీదట ఎలా మసలుకోవాలో మాత్రం తెలుసు.

జీవిత కథను ఆఖరున తెరవండి

ఇంతదాకా చేసిన పని పూర్తయ్యాకే కవి జీవితం వైపు వెళ్లండి. ముందే వెళితే కవిత ఒక కుంభకోణానికి ఫుట్‌నోటుగా మిగిలిపోతుంది. అయితే అసలు వెళ్లకపోవడం కూడా పొరపాటే, ఎందుకంటే ఈ కవిత విషయంలో చరిత్ర మనకు ఒక అమూల్యమైన వస్తువును అందిస్తుంది.

1813 శరదృతువులో బైరన్ తన మిత్రుడు జేమ్స్ వెడర్‌బర్న్ వెబ్‌స్టర్ నివసిస్తున్న యార్క్‌షైర్‌లోని ఆస్టన్ హాల్‌కు అతిథిగా వెళ్లాడు. మిత్రుడి భార్య లేడీ ఫ్రాన్సిస్‌కూ ఆయనకూ మధ్య అక్కడ అనురాగం మొదలైంది. బిలియర్డ్స్ గదిలో ఆమెకు రహస్యంగా చీటీ అందించిన సంగతి మొదలుకుని ప్రతి మలుపునూ తన ఆంతరంగికురాలు లేడీ మెల్‌బోర్న్‌కు ఆయన ఉత్తరాల్లో రాశాడు. హద్దు దాటకుండా ఆమెను విడిచిపెట్టానని కూడా అందులో చెప్పుకున్నాడు. 1815లో వాటర్లూ యుద్ధం జరిగిన రోజుల్లో ఆమె పేరు బ్రిటిష్ సేనాని డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ పేరుతో కలిపి వినిపించింది. పత్రికకు కూడా ఎక్కింది. భర్త ఆ పత్రిక మీద పరువునష్టం దావా వేసి గెలిచాడు. కవితలో లోకుల నోట వినబడుతున్న పేరు ఆమెదేనని, కవిత 1815 నాటిదని పరిశోధకుల నిర్ణయం. బైరన్ మాత్రం దానికి 1808 అన్న తేదీ తగిలించాడు. ఆ తేదీ నిజమని నమ్మితే కవికి అప్పటికి ఇరవై ఏళ్లు, లేడీ ఫ్రాన్సిస్‌తో ఆ ఉదంతం ఇంకా మొదలే కాలేదు. పేరు దాచినట్లే తేదీనీ దాచాడన్నమాట.

ఇక ఆ అమూల్యమైన వస్తువు. ఈ కవితకు అచ్చులోకి రాని మరొక చరణం ఉంది. 1823లో ఇటలీలోని జెనోవాలో ఉన్నప్పుడు బైరన్ తన పరిచయస్తురాలు లేడీ హార్డీకి రాసిన ఉత్తరంలో దానిని రాసి పంపాడు. అందులో ప్రియురాలిని 'ఫానీ' (ఫ్రాన్సిస్ అన్న పేరుకు ముద్దుపేరు) అని పేరు పెట్టి పిలుస్తాడు. ఒకడికి ద్రోహం చేసినట్లే పలువురికీ ద్రోహం చేశావని అంటాడు. ఒకసారి పడిపోయిన స్త్రీ ఎప్పటికీ పడిపోతూనే ఉంటుందని తీర్పు చెబుతాడు.

ఆ చరణాన్ని సంపాదించి, అచ్చయిన నాలుగు చరణాల చివర చేర్చి పైకి చదవండి. కవిత ఎలా కూలిపోతుందో మీ చెవికే తెలుస్తుంది. రహస్యం పోతుంది, మౌనం పోతుంది, దుఃఖించే మనిషి స్థానంలో వేలెత్తి చూపే న్యాయాధిపతి నిలబడతాడు. ఆ ఎనిమిది పాదాలను తీసేయడంతో నింద చాలావరకు దుఃఖంగా మారింది. కవిత్వంలో కొట్టివేత చేయగల పనికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. సాహిత్యం బోధించేవారు ఈ రెండు పాఠాలనూ విద్యార్థుల ముందు తప్పక ఉంచాలని కోరుకుంటున్నాను.

నింద పూర్తిగా పోలేదన్నది కూడా నిజాయితీగా ఒప్పుకోవలసిన విషయం. అచ్చయిన పాఠంలోనే బాసలు తప్పింది ఆమే, మరిచిపోయింది ఆమే, వంచించింది ఆమే. అతడి తప్పు ఒక్కటీ ప్రస్తావనకు రాదు. ఆమె భర్త ఉన్న స్త్రీ. చెడ్డపేరు వస్తే ఆనాటి సమాజంలో నష్టపోయేది ఆమె, అతడు కాదు. 'దాని సిగ్గులో నేనూ పాలు పంచుకుంటాను' అన్న పాదంలో మాత్రమే అతడు తన భాగాన్ని కొంత తలదాల్చుకున్నాడనిపిస్తుంది. అయినా ఆ పంపకం కూడా ఎవరికీ తెలియకుండా జరిగేదే. మీరు రాసే వ్యాసంలో ఆమె వైపు నుండి ఒక పేరా తప్పక చేర్చండి. కవిత ఆమెకు మాట ఇవ్వలేదన్నది పాఠంలో కనిపించే వాస్తవం, దానికి ఊహాగానం అక్కర్లేదు.

మరొక కవితతో పోల్చి పరీక్షించుకోండి

మీ పఠనం గట్టిదో కాదో తేలాలంటే, అదే వస్తువు మీద వేరే పద్ధతిలో రాసిన కవితను పక్కన పెట్టాలి. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1791 డిసెంబరు 27న ఆగ్నెస్ మెక్లిహోస్‌కు పంపిన 'ఏ ఫాండ్ కిస్' ('ఒక ప్రేమ ముద్దు') అన్న పాట ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఆమె కూడా వివాహిత. దూరంగా ఉన్న భర్తను చేరుకోవడానికి జమైకాకు ఓడ ఎక్కబోతున్నది. బర్న్స్ ఆమెను 'నాన్సీ' అని పాటలోనే పిలుస్తాడు. నా నాన్సీని చూసినవారెవరూ ప్రేమించకుండా ఉండలేరని తన బలహీనతను సమర్థించుకుంటాడు, ఆమెను నిందించడు. ఇంతగా, ఇంత గుడ్డిగా ప్రేమించుకోకపోయి ఉంటే, కలవకపోయి ఉంటే, లేదా విడిపోకపోయి ఉంటే మన గుండెలు పగిలేవి కావని అంటాడు. సకల సంతోషాలూ నీకు దక్కాలని దీవించి సాగనంపుతాడు.

ఇప్పుడు ముందు గీసుకున్న గళ్లను బర్న్స్ పాటకూ గీయండి. 'మనం' చివరిదాకా చెక్కుచెదరకుండా ఉంటుంది. 'వాళ్లు' రానే రారు. చలికి బదులు వెచ్చని కన్నీళ్లు ఉంటాయి. విడిపోవడం ఆ క్షణాన జరుగుతున్నది గనుక శకునాలకు చోటు లేదు. కనుక వియోగ కవితలన్నింటికీ ఒకే కొలబద్ద పెట్టకుండా, ఈ కవితలో ఎడబాటు ఎప్పుడు జరిగింది, ఎవరికి తెలుసు, తప్పు ఎవరి మీద పడింది అన్న మూడు ప్రశ్నలతో మొదలుపెట్టండి. కీట్సూ వర్డ్స్‌వర్తూ రాసిన వాటికి కూడా ఈ మూడూ అన్వయిస్తాయి.

ఆ తరువాత తీసుకోవలసినది బైరన్‌దే మరొక వీడ్కోలు. భార్య అనబెల్లా తనను విడిచి వెళ్లిపోయిన తరువాత 1816 మార్చిలో రాసిన 'ఫేర్ దీ వెల్', 'వెన్ వీ టూ పార్టెడ్' ఉన్న సంపుటిలోనే చేరింది. మొదట కొద్ది ప్రతులు సొంతంగా అచ్చువేయించి తెలిసినవారికి మాత్రమే పంచిన ఆ కవిత ఏప్రిల్‌లో పత్రికకెక్కి దేశమంతా చర్చకు వచ్చింది. అందులో మాట్లాడే మనిషి లోకమంతా వినేలా మాట్లాడతాడు. అదే కవి, అదే కాలం, అదే సంపుటి. గళ్లు గీసి, చలిని వెతికి, లేనివాటిని లెక్కించి, రెండింటి మధ్య మీకు దొరికిన తేడాలను ఒక పేజీలో రాసి చూడండి.